మితభాషికి బ్రాంచి బాధ్యత దక్కదా?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల మేత అమ్మే దుకాణంలో ఏడేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఖాతాల్లో పైసా తేడా రానివ్వను. ఆకివీడులో తెరవబోయే బ్రాంచికి మా యజమాని నన్ను కాదని, నా తరువాత చేరిన సహోద్యోగిని బాధ్యుడిగా వేశారు. అతను చెరువు గట్టెక్కితే చాలు, రైతులతో చుట్టంలా కలిసిపోతాడు. "నువ్వు మంచోడివే గానీ, నోరు లేదయ్యా" అన్నారాయన. నా స్వభావమే నాకు అడ్డమా? అది మారుతుందా?
– ఒక పాఠకుడు, ఉండి

జవాబు: మీ బాధ న్యాయమైనది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు స్వభావాన్ని ప్రధానంగా ఐదు గుణాలుగా చూస్తారు: కొత్తదనంపై ఆసక్తి, బాధ్యతానిష్ఠ, కలుపుగోలుతనం, సౌమ్యత, ఆందోళన చెందే తత్వం. ముర్రే బారిక్, మైఖేల్ మౌంట్ అనే అమెరికా పరిశోధకులు వందకు పైగా అధ్యయనాలను క్రోడీకరించి 1991లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, వృత్తి ఏదైనా పనితీరుతో నిలకడగా ముడిపడి కనిపించిన గుణం బాధ్యతానిష్ఠ. అది మీకు నిండుగా ఉంది. అయితే అమ్మకాల్లోనూ, పదిమందిని నడిపించే పనుల్లోనూ కలుపుగోలుతనం కూడా తోడ్పడుతుందని అదే వ్యాసం చెప్పింది కాబట్టి మీ యజమాని మాటను పూర్తిగా తోసిపుచ్చలేను. కాకపోతే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆడమ్ గ్రాంట్ 2013లో 340 మంది అమ్మకందారులపై ప్రచురించిన అధ్యయనంలో ఎక్కువ రాబడి తెచ్చినవారు మరీ కలుపుగోలువారూ మరీ ముభావులూ కాని మధ్యస్థులే.

స్వభావం మారడానికి చాలాకాలం పట్టవచ్చు, ఒక సందర్భంలో మన నడవడిని మార్చుకోవడానికి మాత్రం అంతకాలం అక్కర్లేదు. మీకు కబుర్లు రాకపోయినా, మాట్లాడవలసిన విషయం మీ ఖాతా పుస్తకంలోనే ఉంది. నాలుగు రోజులకోసారి పది బస్తాలు పట్టుకెళ్లే రైతు వారమైనా రాలేదంటే, రొయ్య మేత తినడం తగ్గిందేమోనన్న అనుమానం గట్టు మీద తిరిగేవాడికంటే ముందు మీకే కలగాలి. అప్పుడు ఫోన్ చేసి, "రాజుగారూ, ఈ వారం మేతకు రాలేదేమండీ, చెక్ ట్రేలో మిగులుతోందా?" అని (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే పళ్లెమే చెక్ ట్రే) అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకు రైతు పావుగంట మాట్లాడతాడు, మీరు వింటే చాలు. పైగా మేత అరువు పట్టుబడి దాకా, అంటే రొయ్యలు పట్టి అమ్మే దాకా, నిలిచి ఉంటుంది. తెల్లమచ్చ తెగులు వచ్చి కౌంటుకు, అంటే అమ్మకానికి తగిన సైజుకు, రాకుండానే రొయ్యను పట్టేయవలసి వస్తే ఆ బాకీ మొండిబాకీ అవుతుంది కనుక, ఎవరికి ఎంతవరకు అరువివ్వవచ్చో తేల్చగలవాడు బ్రాంచికి ఎంత అవసరమో వ్యాపారం తెలిసిన యజమానికి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం అడగాలనిపించింది. ఆ బాధ్యత మీకు కావాలని యజమానితో ఎప్పుడైనా అన్నారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. మితభాషులు చాలామంది తమ పనే తమ తరఫున మాట్లాడుతుందనుకుంటారు. యజమాని మాత్రం మీ మౌనాన్ని ఇష్టం లేకపోవడంగా భావించి ఉండవచ్చు. ఈ పంటలో మీరు ముందుగా కనిపెట్టిన రెండు మూడు ఖాతాలు చేతిలో పట్టుకుని, దుకాణం కట్టే వేళ ఆయన దగ్గర కూర్చుని, తరువాతి బ్రాంచి మీకు ఇమ్మని అడగండి.