అక్వేరియంలో ఎన్ని చేపలుండాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. మా మరిదికి చౌరస్తా దగ్గర సెల్‌ఫోన్ల షాపుంది. కౌంటర్ పక్కన మూడడుగుల అక్వేరియం పెట్టాడు. అడుగున రాళ్లు లేవు, మొక్కలు లేవు. వెనక నీలం కాగితం, పైన నీలం లైటు. గోల్డ్ ఫిష్‌లు, షార్కులు, ఒక సక్కర్ ఫిష్ కలిపి నలభై దాకా ఉంటాయి. "నిండుగా ఉంటేనే గిరాకీలు నిలబడి చూస్తరు వదినా, అడుగున ఏం లేకుంటే కడుగుడు కూడా అల్కగ" అంటాడు. చచ్చినవి తీసేసి కొత్తవి తెచ్చి వేస్తాడు. "మన మీదికి రావాల్సిన కీడు అవి తీసుకపోయినయ్" అంటుంది అత్తమ్మ. మా ఇంట్లో అదే సైజు ట్యాంకులో నేను ఇసుక, రాళ్లు, మొక్కలు పెట్టి పది గప్పీలను పెంచుతున్నాను. చూసినవాళ్లంతా "ఇందులో చేపలేవి?" అంటారు. మరిది చేసేది హింస అన్నందుకు ఇంట్లో గొడవైంది. నేనన్నది తప్పా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పు కాదమ్మా. కాకపోతే రాళ్లూ మొక్కలూ లేవన్న దాని మీద వాదిస్తే మీ మరిది గెలుస్తాడు. చేపపిల్లలను పెంచేవాళ్లు, జబ్బు చేసిన చేపను విడిగా ఉంచేవాళ్లు అడుగున ఏమీ వేయరు. మిగిలిన మేత, రెట్ట కంటికి కనబడాలి, పైపుతో లాగేయాలి. కొత్తగా తెచ్చిన చేపను నేనూ ముందు అలాంటి తొట్టిలోనే ఉంచుతాను, దాక్కోవడానికి ఒక కుండ పెంకు పెట్టి. మీ మరిది చేసిన తప్పు అన్ని చేపలను కుక్కడం, వాటికి చాటన్నది లేకుండా చేయడం.

మూడడుగుల ట్యాంకు అంటే మామూలుగా అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. అంచుదాకా పోసినా 106 లీటర్లు. నలభై చేపలకు పంచితే ఒక్కోదానికి రెండున్నర లీటర్ల చిల్లర. ఆ నీళ్లలోకే ప్రతి చేపా మొప్పల నుంచి అమ్మోనియా వదులుతూ ఉంటుంది. ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో, రాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోది వాటికన్నా చాలా నయం, కొంత మొక్కలు తీసుకుంటాయి, మిగిలింది నీళ్లు మారిస్తే పోతుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన దగ్గర చాలామంది వారానికోసారి చేపలన్నిటినీ బకెట్‌లో వేసి, ట్యాంకునూ స్పాంజినీ నల్లా కింద తళతళలాడేలా కడుగుతారు. నల్లా నీళ్లలోని క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చస్తుంది. అద్దం మెరుస్తుంటుంది, చేపలు మాత్రం ఒక్కొక్కటే పోతుంటాయి. అత్తమ్మ గారితో వాదన పెట్టుకోకండి. కానీ కీడు తీసుకుపోయిందనుకున్నాక, అది ఎందుకు చచ్చిందని ఇంట్లో ఎవరూ అడగరు. నాకు బాధ అక్కడే.

పైగా మన వరంగల్ ఎండలు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. బోరు నీళ్ల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువగా ఉంటే ఇంకో చిక్కు: పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే అమ్మోనియాలో విషపు భాగం సుమారు పది రెట్లవుతుంది. మే నెల మధ్యాహ్నం కరెంట్ పోయి ఎయిర్ పంప్ ఆగితే, మీ పది గప్పీలు తట్టుకుంటాయి. షాపులో ఉన్నవి కాసేపటికే నోళ్లు తెరిచి నీటి పైకి వచ్చేస్తాయి. అది మేత అడగడమని జనం అనుకుంటారు.

చేప ఎక్కడైనా బతుకుతుందన్న ధీమా మనకు కొర్రమట్టను చూసి వచ్చిందనుకుంటాను. మార్కెట్‌లో జానెడు నీళ్ల టబ్బులో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నా కదులుతూనే ఉంటుంది. దానికి తలలో గాలి నిలుపుకునే అర ఉంది, పైకి వచ్చి గాలి మింగుతుంది. గోల్డ్ ఫిష్‌కు అలాంటిది లేదు.

ఇసుక ఉన్న ట్యాంకులో గోల్డ్ ఫిష్‌ను ఒకసారి తీరిగ్గా చూడండి. తల కిందికి వంచి నోటినిండా ఇసుక తీసుకుంటుంది. బుగ్గలు కదిలిస్తుంది. తినేదేమన్నా ఉంటే ఉంచుకుని మిగతాది నోట్లోంచి, మొప్పల సందుల్లోంచి వదిలేస్తుంది. కాస్త జరిగి మళ్లీ మొదలుపెడుతుంది. పొద్దంతా దాని పని ఇదే. మన చెరువుల్లో బంగారుతీగ చేసేదీ ఇదే, రెండూ దగ్గరి చుట్టాలు. ఉత్త అద్దం మీద దానికి చేయడానికి ఏమీ ఉండదు. సక్కర్ ఫిష్ సంగతి ఇంకా కష్టం. అది పగలు చీకటి మూల వెతుక్కునే జీవి. ఆ నీలం లైటు కింద ఫిల్టర్ వెనక సందులో ఇరుక్కుని ఉంటుంది, ఈసారి వెళ్లినప్పుడు చూడండి. ఇక రెండంగుళాలప్పుడు షార్క్ అని అమ్మేది పంగాసియస్. ఆంధ్ర చెరువుల్లో పెంచి చేపల మార్కెట్లకు పంపేది అదే చేప. మీటరు దాటి పెరుగుతుంది. బెదిరితే దూసుకెళ్లి అద్దానికి గుద్దుకుంటుంది.

మీరన్న మాట చట్టంలోనూ ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్, జీవి కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని దాంట్లో బంధించడాన్ని హింస కిందే లెక్కిస్తుంది. ఆ చట్టంలో జంతువంటే మనిషి కాని ప్రతి ప్రాణీ.

మీ ట్యాంకు గురించి కూడా ఒక మాట. అడవిలా కనిపించడం మన కంటికి. చేపకు కావాల్సింది చాటు, చోటు, మంచి నీళ్లు. ప్లాస్టిక్ మొక్కయినా దానికి ఫర్వాలేదు, అంచులు గీరుకోకుంటే చాలు. మీ పదింటిలో ఆడా మగా కలిసి ఉన్నాయా? ఆడ గప్పీ ఇంచుమించు నెలకోసారి పిల్లలు పెడుతుంది. ఏడాది తిరిగేసరికి మీదీ మరిది ట్యాంకే అవుతుంది. మగవాటిని మాత్రమే ఉంచుకోండి.

మరిదితో హింస అన్న మాటతో మొదలుపెట్టకండి. చచ్చిన చేపల బదులు నెలకు ఎంత పెట్టి కొంటున్నాడో లెక్క రాయించండి. అతని ట్యాంకుకు గోల్డ్ ఫిష్ అయితే రెండు, మహా అయితే మూడు. నిండుగా కనిపించాలంటే వాటికి బదులు పదిహేను జీబ్రా డానియోలు వేయమనండి. మన దేశపు వాగుల్లోని చేపే, గుంపుగా తిరుగుతుంది, గిరాకీలు తప్పకుండా నిలబడతారు. వారానికోసారి పావు వంతు నీళ్లే మార్చాలి. ట్యాంకులోంచి తీసిన ఆ పాత నీళ్లలోనే స్పాంజిని పిండాలి. పైన మనీ ప్లాంట్ పెట్టి వేళ్లు నీళ్లలోకి వదిలితే నైట్రేట్‌ను అది లాగేస్తుంది.

మిగిలిన చేపలను కొన్న షాపులోనే తిరిగి ఇచ్చేయమనండి, ఊరికే అయినా సరే. భద్రకాళి చెరువులోనో, వడ్డేపల్లి చెరువులోనో మాత్రం వదలనివ్వకండి. సక్కర్ ఫిష్‌ను దెయ్యం చేప అని జాలరులు తిట్టుకునేది ఊరికే కాదు. ముళ్లతో వలలు చింపుతుంది, గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. షాపువాళ్లు తీసుకోకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి, పెద్ద తొట్టి ఉన్నవాళ్లను వెతుకుదాం.