‘పంచాయతీ అప్రూవ్డ్’ ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చాం, రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఆరుగురం ఉంటున్నాం. ఇరుకైపోయింది. ఫ్లాట్ అమ్మేసి, వెంకటాచలం మండలంలో 30 అంకణాల (240 గజాల) స్థలం కొని ఇల్లు కట్టుకుందామనుకున్నాం. ఒక రైతు మాగాణి 3 ఎకరాలు తీసుకుని 2019లో ప్లాట్లు వేశారు. అంకణం లక్ష చొప్పున 30 లక్షలకు బేరం కుదిరింది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుని 5 లక్షలు ఇచ్చాం. అందులో 2 లక్షలు నగదు. మూడు నెలల్లో మిగతాది ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అమ్మే వ్యక్తికి రైతు ఇచ్చిన జీపీఏ ఉంది. ఆ రైతు నిరుడు చనిపోయారని ఇప్పుడు తెలిసింది. బ్యాంకు లోన్ ఇవ్వనంటోంది. ‘పంచాయతీ అప్రూవ్డే, భయం లేదు’ అని అమ్మేవారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఉన్న కాగితాలతో మాత్రం రిజిస్ట్రేషన్‌కు వెళ్లకండి. స్థలం మంచిదే కావచ్చు. కానీ మీరు చెప్పిన వాటిలో రెండు విషయాలు తేలకుండా మిగతా 25 లక్షలు చేతులు మారకూడదు. ఒకటి జీపీఏ, రెండోది లేఅవుట్ అనుమతి.

జీపీఏ అంటే ఒకరి తరఫున ఇంకొకరు సంతకం పెట్టే అధికారం. ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ అధికారమూ పోతుంది (కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201). జీపీఏ తీసుకున్న వ్యక్తికి ఆ ఆస్తిలోనే సొంత హక్కో ప్రయోజనమో ఉంటే అధికారం నిలుస్తుందని సెక్షన్ 202 చెబుతుంది. డెవలప్‌మెంట్ అగ్రిమెంటుతో కలిపి రాసిన జీపీఏ అయితే అమ్మేవారు ఈ వాదనే తెస్తారు. అది కోర్టులో తేలాల్సిన వాదన. ఇల్లు కట్టుకోవాల్సిన కుటుంబం దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టకూడదు. ఇంకో సంగతి కూడా గమనించండి. మరణం గురించి తెలియకుండా లావాదేవీ చేసినవారికి చట్టం కొంత రక్షణ ఇస్తుంది (సెక్షన్ 208). అగ్రిమెంటు నాటికి మీకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. కాబట్టి ఇకపై ఆ జీపీఏతో రాయించుకునే సేల్ డీడ్‌కు ఆ రక్షణ దొరకదు.

అందుకే రైతు వారసులందరూ సేల్ డీడ్‌లో అమ్మకందారులుగా సంతకం చేయాలని పట్టుబట్టండి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం తెప్పించుకోండి. హిందూ కుటుంబమైతే వీలునామా లేకుండా పోయినవారి ఆస్తి భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లికీ వస్తుంది. ముసలామె బతికి ఉన్నా ఆమె వాటాను మరిచిపోవడం మనవైపు తరచూ జరిగే పొరపాటు. చనిపోయిన కొడుకు గానీ కూతురు గానీ ఉంటే వారి పిల్లలకూ వాటా ఉంటుంది, అలాంటి కొడుకు భార్యకు కూడా. అది రైతుకు తాతల నాటి ఆస్తి అయితే చిక్కు ఇంకా పెద్దది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతుళ్లకు పుట్టుకతోనే కొడుకులతో సమాన హక్కు వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. కాబట్టి తండ్రి బతికుండగా ఒక్కడే ఇచ్చిన జీపీఏ పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల వాటాకు చెల్లదని వాళ్లు దావా వేయగలరు. అన్నదమ్ములు మాత్రమే వచ్చి ‘అక్కాచెల్లెళ్లకు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం’ అంటే రిజిస్టరైన పంపకపు దస్తావేజో, హక్కు విడుదల దస్తావేజో చూపమనండి. వారసుల్లో మైనరుకు సొంతంగా సంక్రమించిన వాటా ఉంటే కోర్టు అనుమతి లేనిదే సంరక్షకుడు దాన్ని అమ్మకూడదు.

ఇక ‘పంచాయతీ అప్రూవ్డ్’. వెంకటాచలం మండలం నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంది. అక్కడ సర్పంచో పంచాయతీ కార్యదర్శో సొంతంగా లేఅవుట్‌ను మంజూరు చేయలేరు. నుడా సాంకేతిక అనుమతి ఇచ్చి ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య) కేటాయించాలి. పంచాయతీ ముద్ర ఉన్న ప్లాను జిరాక్సు అనుమతి కాదు. అమ్మేవారిని ఎల్పీ నంబరు రాసిమ్మనండి. ఇవ్వలేకపోతే అనుమతి లేదనే అనుకోండి, మీ బ్యాంకు వెనక్కి తగ్గడానికి ఎక్కువ అవకాశం ఉన్న కారణమూ అదే. నంబరు ఇస్తే నుడా కార్యాలయంలో అసలు ప్లాను చూసి మీ ప్లాటు నంబరు, కొలతలు, ఎదుటి రోడ్డు వెడల్పు సరిపోల్చండి. పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు సంస్థ పేర తనఖాలో ఉంటాయి. మీది వాటిలో లేదని చూసుకోండి. రోడ్లు, 10 శాతం ఖాళీ స్థలం పంచాయతీకి గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టరయ్యాయా అన్నదీ ముఖ్యమే. కాకపోతే ఇవాళ పార్కు అని చూపించిన జాగా నాలుగేళ్ల తర్వాత ఇంకొకరి ప్లాటు అవుతుంది.

‘తర్వాత ఎల్ఆర్ఎస్ కట్టుకోవచ్చు’ అంటే ఒప్పుకోకండి. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రుసుముతో క్రమబద్ధం చేసే పథకం అది. ప్రభుత్వం ప్రకటించిన గడువు తేదీ నాటికి రిజిస్టరై ఉన్న దస్తావేజులకే ఆ పథకం వర్తిస్తుంది. మీ చేతిలో ఉన్నది అగ్రిమెంటు మాత్రమే.

రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) సంగతి కూడా ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను ఏపీ రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడం, అమ్మడం కుదరదు. మీది 3 ఎకరాలు. పైగా రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. అంటే 3 లక్షలు. మీ దగ్గర 5 తీసుకున్నారు. డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే మీకు బలమైన అంశం ఇదే. నమోదు కాని లేఅవుట్ మీద కూడా ఏపీ రెరాకు ఫిర్యాదు చేయవచ్చు.

స్థలం చరిత్ర కోసం కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయండి. నోటి ఒప్పందాలు, వీలునామాలు, కోర్టు కేసులు ఈసీలో కనబడవని గుర్తుంచుకోండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో, రీసర్వే జరిగి ఉంటే కొత్త ఎల్పీఎం (భూమి కమతపు పటం) నంబరు పాత నంబరుకు సరిపోతుందో చూడండి. మాగాణి కాబట్టి ఎఫ్ఎంబీలో (సర్వే నంబరు కొలతల పటం) పంట కాలువ గీత మీ ప్లాటు గుండా పోతుందేమో తప్పక చూడాలి. కాలువ పూడ్చి ప్లాటు వేసినా రికార్డులో అది పోరంబోకే. ఎఫ్-లైన్‌కు దరఖాస్తు పెట్టి సర్వేయరుతో హద్దులు కొలిపించండి. 30 అంకణాలు అంటే 2,160 చదరపు అడుగులు, 240 గజాలు, సుమారు 5 సెంట్లు. దస్తావేజులో గజాల్లో రాయించండి, ఎందుకంటే తిరుపతివైపు అంకణం 36 చదరపు అడుగులే.

అగ్రిమెంటులో ‘స్వాధీనం ఇచ్చాము’ అన్న మాట ఉందేమో ఒకసారి చదవండి. ఉంటే మన రాష్ట్రంలో దానికి సేల్ డీడ్‌కు పట్టే స్టాంపు డ్యూటీ పడుతుంది. వంద రూపాయల కాగితాన్ని కోర్టులో పెట్టినప్పుడు లోటుతోపాటు దానికి పది రెట్ల దాకా జరిమానా అడుగుతారు. నగదుగా ఇచ్చిన 2 లక్షలకు అగ్రిమెంటులోనే రసీదు రాసి లేకపోతే ఇప్పుడే రాతలో తీసుకోండి. ఇళ్ల స్థలానికి 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఇకపై ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే వెళ్లాలి.

ఈ వారంలోనే వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మిగతా డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని, వారసుల సంతకాలు, ఎల్పీ నంబరు, రెరా నమోదు ఫలానా తేదీలోగా చూపాలని, లేకుంటే 5 లక్షలు వడ్డీతో తిరిగివ్వాలని రాయించండి. ‘సిద్ధంగా ఉన్నాం’ అన్న మాటను వదిలేయకండి. గడువు దాటించింది మీరేనని అవతలివారు చెప్పకుండా ఆపేది అదే. ఒప్పందం అమలు చేయించమని దావా వేయాలంటే అగ్రిమెంటులో రాసిన తేదీ నుంచి 3 ఏళ్లు ఉంటుంది.

అన్నీ సరిగ్గా తేలి రిజిస్ట్రేషన్‌కు వెళితే స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 30 లక్షల మీద 2.25 లక్షలు. ప్రభుత్వ విలువ అంతకన్నా ఎక్కువ ఉంటే దాని మీద కట్టాలి.

ఇవన్నీ తేలేదాకా మాగుంట లేఅవుట్ ఫ్లాట్ అమ్మకానికి ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకండి. రెండేళ్లకు మించి మీ పేర ఉన్న ఫ్లాట్ అమ్మితే వచ్చే లాభం మీద పన్ను మినహాయింపు ఖాళీ స్థలం కొన్నంత మాత్రాన రాదు. అమ్మిన తేదీ నుంచి 3 ఏళ్లలో ఆ స్థలంలో ఇల్లు కట్టి తీరాలి. రిటర్ను వేసే గడువులోగా ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాను మంజూరు కాక ఇల్లు ఆగితే ఆ 3 ఏళ్లు ఆగవు, మినహాయింపు పోతుంది.