రిఫరీ కావాలంటే ముందు స్కోర్ టేబుల్ దగ్గర కూర్చోవాలి

ప్రశ్న: మా పాప హన్మకొండలో ఇంటర్ సెకండియర్ చదువుతోంది. జిల్లా జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడింది. ఇప్పుడు రిఫరీ అవుతానంటోంది. మగవాళ్ల మ్యాచ్‌లు ఆడపిల్లకు ఇస్తారా? అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ దాకా వెళ్లొచ్చా? దాంతోనే బతకొచ్చా?
– ఒక తండ్రి, హసన్‌పర్తి

జవాబు: మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. మన దగ్గర రిఫరీ పనిని నెల జీతం వచ్చే ఉద్యోగంగా లెక్క వేసుకోవద్దు. మ్యాచ్‌కింత, రోజుకింత అని ఇస్తారు. అందుకే ఈ పనిలో పీఈటీలు, ఫిజికల్ డైరెక్టర్లు ఎక్కువగా కనిపిస్తారు. డిగ్రీ మాన్పించకండి. డిగ్రీ అయ్యాక పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చేస్తే ఆట, ఉద్యోగం ఒకే దారిలో నడుస్తాయి. ఏ ఉద్యోగమైనా సరే, టోర్నమెంట్లకు వారం పది రోజులు సెలవు దొరకాలి. అది దొరక్క మధ్యలో వదిలేసేవాళ్లున్నారు.

పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మొదట విజిల్ కాదు, స్కోర్ షీట్. మొదటి, మూడో క్వార్టర్లకు ఎర్ర పెన్ను, రెండు, నాలుగుకు నీలం లేదా నలుపు. రెండు పాయింట్లకు ఏటవాలు గీత, ఫ్రీ త్రోకు (ఫౌల్ అయితే అడ్డు లేకుండా వేయనిచ్చే షాట్) నిండు చుక్క, మూడు పాయింట్లయితే ఆటగాడి నంబరు చుట్టూ సున్నా. తర్వాత షాట్ క్లాక్, అంటే జట్టు షాట్ వేయడానికి ఉన్న గడువు చూపే గడియారం: మామూలుగా 24 సెకన్లు, బంతి రింగుకు తగిలి అటాకింగ్ జట్టుకే తిరిగి దొరికితే 14. టేబుల్ దగ్గర ఒక సీజన్ కూర్చున్న పిల్లకు రూల్స్ చేతికి అలవాటైపోతాయి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా రూల్స్ పుస్తకం దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఇంగ్లిష్‌లోనే చదివించండి. పై స్థాయిలో రాత పరీక్షకూ, తోటి రిఫరీలతో మాట్లాడటానికీ అదే భాష కావాలి.

విజిల్ పట్టాక కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు బంతినే చూడటం. స్కూల్ మ్యాచ్‌లకు తరచూ ఇద్దరే రిఫరీలు: ఒకరు బేస్‌లైన్ దగ్గర లీడ్, ఒకరు వెనక ట్రెయిల్. ఇద్దరూ బంతి మీదే కళ్లు పెడితే స్క్రీన్ (ప్రత్యర్థి దారికి అడ్డంగా నిలబడటం) దగ్గర నెట్టుకోవడం ఎవరికీ కనపడదు. ఆడినవాళ్లకు ఈ అలవాటు మరీ ఎక్కువ, మీ పాప దీన్ని మానుకోవాలి. రెండోది, ఆలస్యంగా పరుగెత్తి దూరం నుంచి ఊహించి ఫౌల్ ఇవ్వడం. ముందు సరిగ్గా కనపడే కోణంలోకి వెళ్లాలి, తర్వాతే విజిల్. ఫౌల్‌కు పిడికిలి, వయొలేషన్‌కు (బంతితో నడవడం, గీత దాటడం లాంటి రూల్ తప్పులకు) తెరిచిన అరచెయ్యి. అద్దం ముందు సాధన చేయించండి. చెయ్యి తడబడితే తీర్పు సరైనదైనా కోచ్‌లు నమ్మరు.

మెట్లు ఇలా ఉంటాయి: జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం, ఆపైన బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పరీక్ష. జాతీయ స్థాయిలో నిలదొక్కుకున్నవాళ్లలో కొందరిని ఫెడరేషన్ ఫీబా లైసెన్సుకు పంపుతుంది. దాని గడువు రెండేళ్లు. ఫిట్‌నెస్ పరీక్ష తప్పితే రూల్స్ ఎంత తెలిసినా లాభం లేదు. వారానికి మూడు రోజులు 20 మీటర్ల షటిల్ పరుగు (అటూ ఇటూ పరుగెత్తడం) ఇప్పటి నుంచే అలవాటు చేయాలి.

ఎన్‌బీఏ దారి వేరు. అక్కడ రిఫరీలు పూర్తికాల ఉద్యోగులు, 70 పైచిలుకు మందే. అమెరికాలో కాలేజీ మ్యాచ్‌లు, ఎన్‌బీఏ కింది స్థాయి జీ లీగ్ మీదుగా వస్తారు. మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ రిఫరీలు చాలామంది కాలేజీ మ్యాచ్‌లూ చేస్తారు. ఇక్కడి నుంచి అందే లక్ష్యం ఫీబా లైసెన్సు.

మగవాళ్ల మ్యాచ్‌ల సంగతి: 1997లోనే వయొలెట్ పామర్, డీ కాంట్నర్ ఎన్‌బీఏలో విజిల్ పట్టారు. పామర్ దాదాపు ఇరవై ఏళ్లు చేశారు. రిఫరీల విషయంలో రూల్స్ పుస్తకంలో ఆడ, మగ తేడా లేదు. జిల్లాలో మొదట అమ్మాయిల మ్యాచ్‌లే ఇస్తే తీసుకోండి, కానీ అక్కడే ఆగొద్దు. అబ్బాయిల మ్యాచ్ కూడా ఇవ్వమని నిర్వాహకులను నోరు తెరిచి అడగమనండి. దూరపు టోర్నమెంట్లకు వెళ్లేటప్పుడు మహిళా రిఫరీలకు బస ఎక్కడో ముందే కనుక్కోవడం మీ హక్కు.

ఈ వారం పాపను తీసుకుని హన్మకొండ జేఎన్ స్టేడియానికి వెళ్లండి. జిల్లా సంఘం వాళ్లెవరో బాస్కెట్‌బాల్ కోచ్‌ను అడిగి తెలుసుకుని, వచ్చే టోర్నమెంట్‌లో స్కోర్ షీట్ రాస్తానని పాపతోనే చెప్పించండి.