ఎన్నారై సందేహాలు: అమెరికాలో మొదటి కాన్పు, మన పథ్యం కుదురుతుందా?

ప్రశ్న: మాది నిజాంపేట. పెళ్ళై న్యూజెర్సీ వచ్చి పది నెలలైంది. ఇప్పుడు ఏడో నెల. వీలైనంత వరకు సహజ కాన్పు కావాలని, ఆ తర్వాత పథ్యం, నలుగు, సాంబ్రాణి మన పద్ధతిలో జరగాలని కోరిక. అమ్మ రాగలదో లేదో తెలీదు. ఇక్కడ ఇవన్నీ కుదురుతాయా అక్కా?

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం మల్కాజిగిరిలో మా అమ్మ వంటింట్లో కూర్చుని చదివాను. సెలవు పెట్టి వచ్చాను. మా అక్క కూతురు బాలింత, బాబు పుట్టి ఇరవై రోజులు. పొయ్యి మీద కాయం, అంటే బాలింతకి పెట్టే మందు లేహ్యం, ఉడుకుతోంది. శొంఠి, పిప్పళ్ళు, మోడి (పిప్పళ్ళ వేరు), వాము, మిరియాలు మొన్న నేనే మోండా మార్కెట్‌కి వెళ్ళి తెచ్చాను. అమ్మ ఒక్కొక్కటీ విడివిడిగా దోరగా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో పోసి, గరిటె వదలకుండా నెయ్యి పైకి తేలేదాకా కలిపింది. పొద్దున్నే ఉసిరికాయంత ఉండ. గదిలో ఒకరు బాబుని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తున్నారు, ఒకరు బాలింత జుట్టు ఆరబెడుతున్నారు, ఇంకొకరు అన్నంలో వెల్లుల్లి కారం కలిపి పెడుతున్నారు. ఆ పిల్లకి పాలివ్వడం, తినడం, పడుకోవడం తప్ప వేరే పని లేదు.

నువ్వడిగిన సరుకులన్నీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద దొరుకుతాయి. ఈ మనుషులు దొరకరు. దాని గురించి నువ్వొక్క ముక్క కూడా అడగలేదు. మొదటిసారి అందరూ అంతే, నేనూ అడగలేదు.

2008 జనవరిలో మా పెద్దమ్మాయి పుట్టింది. అప్పటికి హైదరాబాదులో అమెరికా వీసా ఇంటర్వ్యూలు లేవు. అమ్మ చెన్నై దాకా వెళ్ళి వీసా తెచ్చుకుంది. టికెట్ కూడా కొన్నాక నాన్న మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అమ్మ ఆగిపోయింది. ఫోన్లో ఆవిడ చెబుతుంటే పథ్యం రెండు పేజీలు రాసుకున్నాను. ‘నీళ్ళు ఎక్కువ తాగకు, పొట్ట జారుతుంది’ అన్న మాట కింద గీత కూడా గీశాను. బయట మంచు, లోపల రాత్రీ పగలూ హీటరు. రోజుకి రెండు గ్లాసుల వేడినీళ్ళు, అంతే. ఐదో రోజు బాత్రూం గుమ్మంలో కళ్ళు తిరిగి కూలబడ్డాను. పాలు తగ్గాయి, పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయేది, డైపరు పొడిగా ఉండేది. అప్పుడు గాని డాక్టరు దగ్గరికి పరిగెత్తలేదు. బాలింతకి దాహం ఎక్కువ, ఆపకూడదు. పాలిచ్చే ప్రతిసారీ పక్కన నిండు గ్లాసు పెట్టుకో. మన పథ్యంలో నేను పూర్తిగా వదిలేసింది ఈ నీళ్ళ మాటనే.

సాంబ్రాణి సంగతి కూడా చెబుతాను. పదకొండో రోజు తలంటు పోసుకుని, మూకుట్లో నాలుగు బొగ్గులు రాజేసి వేశాను. బిల్డింగంతా అలారం మోగింది, ఫైరింజన్ వచ్చింది. తడి జుట్టుతో, చంటిదాన్ని శాలువాలో చుట్టుకుని కింద లాబీలో నలభై నిమిషాలు నిలబడ్డాను. మా ఆయన ఆఫీసులో. తలుపు పట్టుకునే మనిషి కూడా పక్కన లేడు. ఏడుపొచ్చింది పొగకి కాదు తల్లీ, దానికి. సాంబ్రాణి వదిలెయ్. పసివాళ్ళ ఊపిరికి ఆ పొగ మంచిది కాదు, జుట్టు డ్రైయర్‌తో ఆరుతుంది.

ఆ తర్వాత చెకప్‌లో నర్సు ఒక కాగితం ఇచ్చింది. పది ప్రశ్నలు, గడిచిన వారం రోజులు మనసెలా ఉందని. ఎడిన్‌బరో స్కేల్ అంటారు. కాన్పయిన తల్లుల్ని ఇలా అడిగి తీరాలని న్యూజెర్సీలో 2006లోనే చట్టం చేశారు. పదింటికీ అబద్ధాలు టిక్కు పెట్టాను. చదువుకున్న దాన్ని, హైదరాబాదు పిల్లని, నాకు దిగులేమిటని. ఆవిడ కాగితం పక్కన పెట్టి ‘ఇంట్లో నీతో ఎవరున్నారు?’ అంది. నోట మాట రాలేదు. ఆ పది ప్రశ్నలకీ నిజం రాయి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే డాక్టరుకి చెప్పు. తల్లుల మనసు బాధలు వినే అమెరికా హెల్ప్‌లైన్ 1-833-852-6262కి రాత్రైనా పగలైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు తీసుకోరు.

నన్ను గట్టెక్కించింది కింది అంతస్తులో ఉండే గుజరాతీ పెద్దావిడ. నా భాష ఆవిడకి రాదు, ఆవిడది నాకు రాదు. రోజూ పదకొండింటికి స్టీలు గ్లాసులో రాబ్ అని వాళ్ళు బాలింతకిచ్చే వేడి జావ తెచ్చేది. మొదటి గుక్కలోనే అమ్మ కాయం వాసన. వాము, శొంఠి, బెల్లం, నెయ్యి, వాళ్ళు గంఠోడా అనే మన మోడి. గ్లాసు నా చేతికిచ్చి, పాపని భుజాన వేసుకుని, నేను రెండు గంటలు పడుకునేదాకా కదిలేది కాదు.

అందుకే ఏడో నెలలోనే నువ్వు చేయాల్సిన పని, పదకొండింటికి వచ్చే మనిషిని వెతుక్కోవడం. ఎదురింటి తలుపు తట్టు. గుడిలో పరిచయం చేసుకో. మీ ఆయన సెలవంతా మొదటి వారంలోనే ఖర్చు పెట్టనివ్వకు. అమ్మ, అత్తగారు ఇద్దరూ రాగలిగితే ఒకేసారి రానివ్వకు, ఒకరి తర్వాత ఒకరు వస్తే ఏడాది గడుస్తుంది. న్యూజెర్సీలో శీతాకాలం తెల్లవారుజామున మూడంటే హైదరాబాదులో మధ్యాహ్నం ఒకటిన్నర. పాలిచ్చేటప్పుడు అమ్మకి వీడియో కాల్ చెయ్. నీ రోజు మొత్తంలో ఎక్కువ ఒంటరితనం ఆ గంటదే, ఆ గంటలో ఆవిడ మెలకువగానే ఉంటుంది. మా రోజుల్లో ఫోన్ కార్డుల్లో నిమిషాలు లెక్కపెట్టుకునేవాళ్ళం. మీకా బాధ లేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. సహజ కాన్పు కోరిక మంచిదే. మన తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60 దాటి సిజేరియన్లే, అమెరికాలో 32 దాకా. అక్కడ చాలా ఆసుపత్రుల్లో నర్స్ మిడ్‌వైఫ్‌లు, అంటే కాన్పు చేసే నర్సులు, ఉంటారు, నీ ఇన్సూరెన్సులో ఉన్నారేమో ఇప్పుడే అడుగు. కోత తప్పకపోతే తప్పు చేసినట్టు కుమిలిపోకు. కాయం సంగతి ముందే డాక్టరుకి చెప్పు, షుగరు గాని బీపీ గాని ఉంటే మరీ ముఖ్యం. ముర్రుపాలు మొదటి గంటలోనే పట్టు. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డ స్నానమే, నలుగు తర్వాత, అదీ మెత్తగా. ముక్కులో, చెవిలో నూనె వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించకు, వస అరగదీసి పెట్టకు. కాటుకలో సీసం ఉండొచ్చు, దిష్టి చుక్కకి కూడా వద్దు. వెల్లకిలా పడుకోబెట్టు. గంటకో ప్యాడ్ తడిసిపోయినా, తల పగిలే నొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, జ్వరం 100.4 దాటినా అమ్మకి కాదు, ముందు డాక్టరుకి ఫోన్. బిడ్డ పేరు 30 రోజుల్లోపు ఇన్సూరెన్సులో చేర్పించు. వీసా, కస్టమ్స్ నిబంధనలు వాళ్ళ సైట్లలోనే ఉంటాయి, చూసుకో.

ఒక్కదాన్నే, ఊరు కాని ఊళ్ళో, మంచులో పెంచుకొచ్చాను. ఆ పాప ఇప్పుడు నన్ను కారులో కూరగాయలకి తీసుకెళ్తుంది. నువ్వూ పెంచుతావు, కానీ నాలా ఒక్కదానివే మొదలుపెట్టకు.

నేను ఇరవయ్యో తారీఖున తిరిగొస్తున్నాను. అమ్మ చేసిన కాయం డబ్బా ఒకటి నీకోసం అడిగాను, ఎయిర్‌పోర్టులో చూపించి తెస్తాను. మీ ఇల్లు ఎడిసన్ చుట్టుపక్కలైతే చెప్పు, కాన్పయ్యాక పదకొండింటికి నేనే వస్తాను.