గర్భంతో ఉన్న భార్యకు వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ వచ్చింది, నాకు ఏ బాధా లేదు. నేనూ సూది వేయించుకోవాలా?

వేయించుకోవాలి తమ్ముడూ. వీడీఆర్‌ఎల్ అంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసే రక్తపరీక్ష, రియాక్టివ్ అంటే ఆ రోగం ఉండవచ్చని. ఈ వారంలోనే, ఇద్దరూ కలిసి మొదలుపెట్టాలి.

నువ్వు రాసింది ఇదీ. ఊరు నారాయణపేట వైపు, పని పుణెలో సెంట్రింగ్. నాలుగు నెలల గర్భంతో ఉన్న నీ భార్యకు పీహెచ్‌సీలో రక్తం చూస్తే వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ వచ్చింది, భర్తను తీసుకురమ్మన్నారు. నీకు నిరుడు అంగం మీద నొప్పి లేని పుండు ఒకటి లేచింది. మెడికల్ షాపులో ఇచ్చిన మలాం రాస్తే మానింది. ఇప్పుడేమీ లేదు కదా, నాకెందుకు టెస్టు అంటున్నావు. ఇంట్లో తెలిస్తే ఎట్లా అని టెన్షన్ పడుతున్నావు.

నేను పాలమూరు వైపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. డాక్టర్ని కాను, మందు రాసేది వాళ్లే. కానీ ఇలాంటి రిపోర్టు పట్టుకుని నిలబడ్డ మొగుడూ పెళ్లాలను ఎంతోమందిని చూశాను. వయసులో పెద్దవాణ్ని కాబట్టి చనువుగా ‘నువ్వు’ అనే రాస్తున్నా.

ముందు ఆ పుండు సంగతి. అది మలాంతో మానలేదు. సిఫిలిస్ పుండు కలయిక జరిగిన మూడు వారాలకు అటూ ఇటూ లేస్తుంది. కొందరికి పది రోజులకే, కొందరికి మూడు నెలలకు. నొప్పి ఉండదు, అంచు గట్టిగా తగులుతుంది, గజ్జల్లో బిళ్లలు కడతాయి. ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. అందుకే ఆ టైములో ఏది రాసినా, ఏది మింగినా, వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగినా వాటి వల్లే తగ్గిందనిపిస్తుంది. పైన చర్మం మానుతుంటే లోపల సూక్ష్మజీవి అప్పటికే రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంటుంది. మగవాళ్లకు పుండు అంగం మీదే రావాలని కూడా లేదు. నోట్లో, మలద్వారం దగ్గర లేస్తే కంటికి కనబడదు, నొప్పి ఉండదు కాబట్టి తెలియను కూడా తెలియదు. మగవాళ్ల మధ్య కలయికలోనూ ఇది సోకుతుంది. అలాంటి విషయం ఉంటే డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పాలి, ఎక్కడ చూడాలో వాళ్లకు తెలుస్తుంది.

పుండు మానిన కొన్ని వారాలకో, రెండు మూడు నెలలకో రెండో దశ వస్తుంది. నువ్వు కట్టుబడి పనిలో ఉన్నవాడివి కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతా. ఒక మేస్త్రీ మా ల్యాబుకు వచ్చాడు, రెండు అరచేతుల నిండా రాగి రంగు మచ్చలు. సిమెంటు పడలేదని గ్లవ్స్ కొనుక్కున్నాడు, నూనె రాశాడు, కొన్నాళ్లు పని కూడా మానేశాడు. చర్మవ్యాధుల డాక్టరు చెప్పులు విప్పమంటే అరికాళ్ల మీదా అవే మచ్చలు. సిమెంటు పడకపోతే దురద, మంట, పగుళ్లు ఉంటాయి. ఈ మచ్చలకు మామూలుగా దురద ఉండదు, మంట ఉండదు. దాంతోపాటు సన్నగా జ్వరం, గొంతునొప్పి, తలలో అక్కడక్కడ వెంట్రుకలు రాలడం, నోట్లో తెల్లటి పొరలు, జననాంగాల దగ్గర తడిగా ఉండే బొడిపెలు రావచ్చు. అన్నీ అందరికీ రావు. ఏమొచ్చినా అవీ వాటంతట అవే పోతాయి. మీ రూములో ఎవరికైనా అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు కనిపిస్తే రక్తపరీక్షకు పంపు.

ఆ తర్వాతిది దాగి ఉండే దశ. నువ్వు ఇప్పుడు బహుశా ఇక్కడే ఉన్నావు. ఒంటి మీద ఏమీ ఉండదు, రక్తంలో తప్ప ఎక్కడా దొరకదు. వైద్యం లేకుండా వదిలేస్తే చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ కాదు. కొందరికి మాత్రం పదేళ్లకో ఇరవై ఏళ్లకో గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, మెదడు, నరాలు దెబ్బతింటాయి. కళ్లకు, చెవులకు మాత్రం ఏ దశలోనైనా రావచ్చు. చూపు మసకబారినా, వినికిడి తగ్గినా, విపరీతమైన తలనొప్పి ఉన్నా ఆ సంగతి ముందే చెప్పు. వాళ్లకు వైద్యం వేరేగా ఉంటుంది, ఆసుపత్రిలో చేర్చుకుని నరంలోకి పెన్సిలిన్ ఎక్కిస్తారు.

టెస్టు గురించి. వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్ రెండూ ఒకే రకం పరీక్షలు. ఆర్‌పీఆర్‌లో కార్డు మీద సీరం చుక్క వేసి, సన్నటి బొగ్గుపొడి కలిసిన మందు కలిపి ఎనిమిది నిమిషాలు తిప్పుతాం. రియాక్టివ్ అయితే ఆ పొడి నల్ల రవ్వలా గడ్డలు కడుతుంది. తర్వాత సీరంను సగానికి సగం పలుచన చేస్తూ ఎంతవరకు గడ్డ కడుతుందో చూస్తాం. రిపోర్టులో 1:8, 1:16, 1:32 అని ఉండేది అదే. ఆ అంకె చాలా ముఖ్యం, ‘రియాక్టివ్’ అని ఒక్క మాట రాసిచ్చి పంపిస్తే టైటర్ ఎంతో అడిగి రాయించుకో. మలేరియా, కుష్ఠు, లూపస్ లాంటి జబ్బుల్లో, ఒక్కోసారి ఉత్త గర్భంలోనూ ఇది తప్పుగా రియాక్టివ్ రావచ్చు. అందుకే టీపీహెచ్‌ఏ అనే మరో రక్తపరీక్ష చేసి రూఢి చేసుకుంటారు. కానీ ఆ రిపోర్టు ఆలస్యమవుతుందని గర్భిణికి సూది ఆపవద్దు. హెచ్‌ఐవీ టెస్టు కూడా అదే రోజు ఇద్దరూ చేయించుకోండి. సిఫిలిస్ పుండు ఉన్నప్పుడు హెచ్‌ఐవీ సులువుగా సోకుతుంది.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. రిపోర్టు ముందు భార్యది వచ్చింది కాబట్టి రోగం ఆమె తెచ్చిందనుకునే ఇళ్లను చూశాను. గర్భిణులకు అందరికీ టెస్టు చేస్తారు, మగవాళ్లకు ఎవరూ చేయరు, అందుకే ముందు ఆడవాళ్ల కాగితంలో బయటపడుతుంది. ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఏ రక్తపరీక్షా చెప్పలేదు. నీ విషయంలోనైతే పుండు లేచింది నీకు. ఆమెను ఒక్క మాట అననీయకు, మీ అమ్మనూ అననీయకు.

వైద్యం తేలికే. బెంజాథిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకు సగం సగం. ఈ మధ్యే సోకిందని తేలితే ఒక్కసారితో సరిపోతుంది. ఎప్పుడు సోకిందో కచ్చితంగా చెప్పలేకపోతే వారానికోసారి చొప్పున మూడు వారాలు వేస్తారు. మీ ఇద్దరికీ మూడు చెప్పే అవకాశమే ఎక్కువ. గర్భిణికి వారం తప్పకూడదు. మధ్యలో గ్యాప్ పెరిగితే మళ్లీ మొదటి నుంచి వేయాల్సి రావచ్చు. వైద్యం చేయించకపోతే కడుపులోనే బిడ్డ చనిపోవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు, రోగంతో పుట్టవచ్చు. ప్రసవానికి కనీసం నెల ముందు సూదులు పూర్తికావాలి. నాలుగో నెలలోనే తెలిసింది, మీకు కావలసినంత టైం ఉంది.

బయట చాలా క్లినిక్‌లు, ఆర్‌ఎంపీలు ఈ సూది వేయడానికి రియాక్షన్ భయంతో జంకుతారు, బదులు అజిత్రోమైసిన్ రాసిస్తారు. ఒప్పుకోవద్దు. ఆ మందును తట్టుకునే సూక్ష్మజీవి రకాలు వచ్చాయి, పైగా అది కడుపులో బిడ్డను కాపాడుతుందన్న నమ్మకం లేదు. పెన్సిలిన్ పడని మగవాళ్లకు డాక్సీసైక్లిన్ ఇస్తారు. గర్భిణికి అదీ పనికిరాదు. ఆమెకు పెన్సిలిన్ పడకపోతే పెద్దాసుపత్రిలో చేర్చుకుని, కొద్దికొద్దిగా అలవాటు చేసి అదే మందు ఇస్తారు. ముందు టెస్ట్ డోసు వేస్తారు, సూది తర్వాత అరగంట కూర్చోమంటారు, కూర్చోండి. మందు చిక్కగా ఉంటుంది కాబట్టి నొప్పి గట్టిగానే ఉంటుంది. మొదటి సూది రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తే భయపడకు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ఆమెకు మాత్రం కడుపులో నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తెలిసే నెలల్లో అది తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఎక్కడికి వెళ్లాలి అంటావా? మహబూబ్‌నగర్ గవర్నమెంట్ జనరల్ ఆసుపత్రికి వెళ్లి చర్మ, సుఖవ్యాధుల విభాగం ఎక్కడో అడుగు. ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్‌లకు సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది, కౌన్సెలర్ ఉంటారు, టెస్టులూ మందులూ ఉచితం. నోరు తెరిచి అడగడం కష్టమైతే ముందు 1097కు ఫోన్ చెయ్యి, పేరు చెప్పకుండా మాట్లాడవచ్చు. ఇంట్లోవాళ్లకు గర్భం చెకప్ అని చెబితే చాలు, అది అబద్ధం కూడా కాదు. భార్యకు మాత్రం దాచవద్దు, సూది ఎందుకో తెలియకపోతే మూడో వారం రాదు. ఆమె ముందు ఎలా చెప్పాలో తోచకపోతే కౌన్సెలర్ దగ్గర కూర్చుని చెప్పండి, ఇలాంటివి వాళ్లకు రోజూ ఉండేవే.

చివరి సూది పడి వారం దాటేదాకా కలయిక వద్దు. పుణెలో ఇంకెవరితోనైనా సంబంధం ఉంటే వాళ్లకూ కబురు చేరాలి, లేకపోతే అది మళ్లీ తిరిగి నీకే వస్తుంది. ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదని కాదు. కండోమ్ చాలావరకు కాపాడుతుంది కానీ అది కప్పని చోట పుండు ఉంటే ఆపలేదు. కొత్తవాళ్లతో కలయిక ఉన్నవాళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి రక్తం చూపించుకోవాలి. బాత్‌రూమ్ వల్ల, కంచం వల్ల, ఒకే బకెట్ నీళ్ల వల్ల రాదు, కాబట్టి అమ్మానాన్నల గురించి బెంగ వద్దు.

నీకు ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ ఆర్‌పీఆర్ చేయించు, వీలైతే అదే ల్యాబులో. 1:32 ఉన్నది 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. కొందరికి తక్కువ టైటర్ ఎన్నాళ్లైనా మిగిలిపోతుంది. టీపీహెచ్‌ఏ అయితే సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. రేపు ఎక్కడో ఆ ఒక్క టెస్టు చూసి మళ్లీ సూదులంటే, వైద్యం చేయించుకున్న కాగితం చూపించు. భార్యకు ఇంకా త్వరగా చూస్తారు, ప్రసవం అప్పుడు మరోసారి చూస్తారు.

పని పోతుందని రెండో సూదికే పుణె బయలుదేరాల్సి వస్తే, ఏ మందు ఎంత, ఏ తేదీన వేశారో రాయించుకుని వెళ్లు, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మిగతాది వేస్తారు. ఆమె సూదుల వివరాలు మాత్రం గర్భిణి కార్డులోనే రాయించు. కాన్పు ఏ ఆసుపత్రిలో అయినా ఆ పేజీ డ్యూటీ డాక్టరుకు చూపించి, పుట్టిన బిడ్డకు కూడా రక్తం చూడమని అడగండి.