చప్పుడు ఎప్పుడొస్తుందో ముందు చెప్పు, అల్లుడూ

అల్లుడూ,

మెషీన్ చప్పుడు చేస్తోందని నువ్వు పంపిన సౌండ్ ఫైల్ మూడుసార్లు విన్నా. అందులో రెండు ఆటోలు, ఒక కుక్క, మీ పక్క షాపు జిరాక్స్ మెషీన్ బాగా వినిపించాయి. నీ కూల్ డ్రింక్స్ వెండింగ్ మెషీన్ మాత్రం వినపడలేదు. ఫోన్‌లో చెబుదామంటే సగం వినకముందే "సరే మామా" అంటావు. అందుకే రాస్తున్నా.

మెకానిక్ వచ్చి ఐదు నిమిషాలు చూసి "కంప్రెసర్ పోయింది, గ్యాస్ కూడా కొట్టాలి" అన్నాడన్నావు. అతన్ని తిట్టను, నేనూ అలా అన్నవాణ్నే. హన్మకొండలో ఒక బేకరీ కూలర్ గలగలమంటోందని కంప్రెసర్ మార్చేశా. కొత్తది బిగించి స్విచ్ వేస్తే అదే గలగల. వంగి చూస్తే సన్న రాగి పైపు ఒకటి వెనక రేకుకు తగులుతోంది. వేలితో కాస్త పక్కకు జరిపితే ఆగిపోయింది. కంప్రెసర్ డబ్బులు, గ్యాస్ డబ్బులు నా జేబులోంచే పోయాయి. ఆ రోజు నుంచి చప్పుడు ఎక్కడిదని అడగడం మానేశా. ముందు ఎప్పుడొస్తుందని అడుగుతా.

నువ్వూ పానా పట్టుకోకముందు ఒక పూట స్టూల్ వేసుకుని దాని పక్కన కూర్చో. కంప్రెసర్ మోటర్ స్టార్టయి ఎత్తుకునేటప్పుడు వస్తోందా, నడుస్తున్నంతసేపూ వస్తోందా, ఆగేటప్పుడా, ఆగిన తర్వాతా? టైముతో సహా కాగితం మీద రాసుకో.

ఆగిన తర్వాత గురగుర, బుస్సుమని వస్తే వదిలెయ్. ఎక్కువ ప్రెషర్ ఉన్న వైపు నుంచి తక్కువ వైపుకు కేపిలరీ అనే సన్న గొట్టం గుండా గ్యాస్ సర్దుకుంటుంది, దాని చప్పుడే అది. ఆగేటప్పుడు కంప్రెసర్ ఒక్కసారి ఒళ్లు విదిలించుకున్నట్టు ఊగడం కూడా మామూలే.

ఎత్తుకునేటప్పుడు 'ఊఁ...' అని కొన్ని సెకన్లు మూలిగి, టక్కుమని ఆగి, రెండు మూడు నిమిషాలకు మళ్లీ అదే వరస అయితే జాగ్రత్త. ఆ టక్కు ఓవర్‌లోడ్ అనే కాపలా స్విచ్‌ది. మోటర్ తిరగలేక కరెంటు ఎక్కువ లాగుతోంది, కాలిపోకుండా అది అడ్డుపడుతోంది. నూటికి నూరు శాతం కంప్రెసరే అనుకోకు. మీ నయీంనగర్ సందులో సాయంత్రం హాస్టళ్లన్నిటిలో హీటర్లు, ఏసీలు వేసేసరికి వోల్టేజీ ఎంతుంటోంది? మోటర్ ఎత్తుకునే ఆ క్షణంలోనే ప్లగ్గు దగ్గర మీటర్ పెట్టి చూడు. మామూలుగా 230 ఉండాలి. 190 కిందికి పడుతుంటే తప్పు మెషీన్‌ది కాదు. పొడవాటి సన్న ఎక్స్‌టెన్షన్ వైరు మీద నడుపుతున్నావా, ముందు అది తీసెయ్. వోల్టేజీ బాగుంటే మోటర్ ఎత్తుకోవడానికి సాయపడే రిలే, కెపాసిటర్ చూడాలి. రెండూ చవక సామానే. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, ఉత్త చేత్తో ముట్టకు. ఇంకొకటి, కరెంటు పోయి వెంటనే వస్తే లోపల ప్రెషర్ సర్దుకోకముందే మోటర్ ఎత్తుకోబోయి ఇలాగే మూలుగుతుంది. కొన్ని నిమిషాలు ఆగి కరెంటు ఇచ్చే టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ కొనుక్కో, ఈ బాధ తప్పుతుంది.

నడుస్తున్నంతసేపూ వచ్చే చప్పుళ్లకు ఒక చిట్కా. తలుపు తెరువు. చాలా మెషీన్లలో తలుపు తెరవగానే లోపల చల్లగాలి కొట్టే ఫ్యాన్ ఆగిపోతుంది. చప్పుడు కూడా దాంతోపాటే ఆగితే దొంగ దొరికినట్టే. టరక్ టరక్‌మంటే రెక్కకు ఐస్ తగులుతోంది. కిర్రుమని సన్నగా ఏడుస్తుంటే ఆ ఫ్యాన్ మోటర్ బుష్ అరిగింది. ఐస్ అయితే సామానంతా తీసేసి, ప్లగ్గు పీకి, తలుపు తెరిచి రాత్రంతా వదిలెయ్. స్క్రూడ్రైవర్‌తో గీకావో లోపల చల్లబరిచే పైపుల కాయిల్‌కు చిల్లు పడుతుంది, అప్పుడు నిజంగానే గ్యాస్ కొట్టాల్సి వస్తుంది. ఐస్ కరగడంతో పని అయిపోదు, అంత ఎందుకు పేరుకుందో చూడాలి. తలుపు రబ్బరుకూ అంచుకూ మధ్య పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగు. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడి నుంచే వానాకాలపు తేమ గాలి లోపలికి పోతోంది. నీళ్లు పోయే పైపు పూడుకున్నా అంతే.

తలుపు తెరిచినా చప్పుడు ఆగకపోతే కిందికి రా. అక్కడ కంప్రెసర్, దాని ముందు వేడి బయటికి వదిలే జాలీ, ఫ్యాన్ ఉంటాయి. మీ పక్కన దూది ఏకే పరుపుల షాపు ఉందని మీ అమ్మ చెప్పింది. ఆ జాలీ ఇప్పటికి బొంత కప్పుకుని ఉంటుంది, పందెం. గాలి ఆడక వేడి బయటికి పోదు, కంప్రెసర్ అలుపు లేకుండా నడుస్తూ రొప్పుతుంది. మన మే నెల ఎండలకు అది ఎన్ని రోజులు ఓర్చుకుంటుంది? ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్‌తో రేకులు వంగకుండా పైనుంచి కిందికి దులుపు. ఫ్యాన్‌లో బాటిల్ లేబుల్ ముక్కో, చిల్లర నాణెమో ఇరుక్కుందేమో చూడు. నాకు ఒకసారి ఎండిన బల్లి దొరికింది. వెనక గోడకు జానెడు ఎడం ఉంచు.

కంప్రెసర్ కింద నాలుగు రబ్బర్ బుష్‌లు ఉంటాయి. పాత మెషీన్లలో అవి గట్టిపడి రాయిలా అయిపోతాయి, అదురు మొత్తం రేకులోకి ఎక్కి ఊళ్లో అందరికీ వినిపిస్తుంది. మెషీన్ మీద గ్లాసెడు నీళ్లు పెట్టి చూడు, ఒక వైపు ఒరిగితే కాళ్లు సర్దు. కాజీపేటలో పట్టాల పక్కన ఒక షాపాయన కంప్రెసర్ పోయిందని నన్ను నాలుగుసార్లు పిలిచాడు. నేను వెళ్లినప్పుడల్లా నిశ్శబ్దం. ఐదోసారి గూడ్స్ వచ్చింది, లోపల సీసాలన్నీ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ట్రేల మధ్య అట్టముక్కలు పెట్టి చాయ్ తాగి వచ్చా.

నువ్వు దాన్ని కరీంనగర్ నుంచి ట్రాలీలో పడుకోబెట్టి తెచ్చావట. నన్ను అడిగి ఉంటే వద్దనేవాణ్ని. కంప్రెసర్ డబ్బా లోపల మోటర్ స్ప్రింగుల మీద ఉంటుంది, పడుకోబెట్టి కుదిపితే అవి జారొచ్చు. ఆయిల్ కూడా పైపుల్లోకి పోతుంది. దించిన రాత్రంతా నిలబెట్టి ఉంచి, మర్నాడు స్విచ్ వేయాల్సింది. డబ్బా లోపలి నుంచే ఇనుము ఇనుముకు కొట్టుకున్నట్టు ఠంగు ఠంగుమని వస్తుంటే మాత్రం ఆ మెకానిక్ మాట నిజమే. విప్పి బాగుచేసే వస్తువు కాదది, మార్చాల్సిందే.

అది లోపలి చప్పుడో బయటిదో తేల్చడానికి, పొడుగు స్క్రూడ్రైవర్ కొన డబ్బాకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించు. ఏనుమాముల మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను పనికి కుదిరినప్పుడు మా ఉస్తాద్ కర్రముక్కతో ఇలాగే పెద్ద అమ్మోనియా కంప్రెసర్లు వినేవాడు. ముందు బాడీకి కరెంటు వస్తోందో లేదో టెస్టర్‌తో చూసుకో. తిరిగే రెక్కల దరిదాపులకు స్క్రూడ్రైవర్ పోనివ్వకు.

గ్యాస్ సంగతి. కాయిల్ మొదట్లో రెండు వరసలకే మంచు పట్టి మిగతాది పొడిగా ఉండి, లోపల ఎడతెగకుండా బుసబుసమంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. అలాగైతే ఎక్కడో లీకుంది, అది మూయకుండా నింపితే మళ్లీ పోతుంది. ఏ గ్యాసో కంప్రెసర్ ప్లేట్ మీద రాసి ఉంటుంది. ఆర్-134ఏ అయితే మామూలుదే. ఆర్-600ఏ, ఆర్-290 మంట అంటుకునే గ్యాసులు, వాటి దగ్గర గ్యాస్ వెల్డింగ్ దీపం పెట్టేవాడికి పని తెలిసి ఉండాలి. ఆర్-12 అని ఉంటే దానికి 2010తోనే మన దేశంలో కాలం చెల్లింది. ఆయిలే వేరు కాబట్టి ఊరికే వేరే గ్యాస్ నింపితే కుదరదు. అలాంటి మెషీన్ మీద ఇంక రూపాయి పెట్టకు.

ఆదివారం పొద్దున వస్తా, నాలుగు రబ్బర్ బుష్‌లు తెస్తా. అప్పటిదాకా ఎవరినీ గ్యాస్ ముట్టుకోనివ్వకు. ఈలోపు కంప్రెసర్ ప్లేట్ ఫొటో తీసి పంపు, వంకర లేకుండా, అక్షరాలు కనపడేట్టు. సౌండ్ ఫైల్ మాత్రం మళ్లీ పంపకు.

మీ మామ