అమ్మకు మాత్రమే తెలిసిన రాత్రులు

ప్రశ్న: మా నాన్నగారికి 87 ఏళ్లు. 24 ఏళ్లు సైన్యంలో పనిచేశారు, యుద్ధం చూశారు. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచీ నా దగ్గరే ఉంటున్నారు. అర్ధరాత్రి కేకలు వేస్తూ లేస్తారు. లేచాక తలుపుల గడియలు చూసుకుంటూ ఇల్లంతా తిరుగుతారు. పొద్దున అడిగితే ‘ఏం లేదమ్మా’ అంటారు. ఈమధ్య తమ్ముడు ఆయన యుద్ధం కబుర్లు వీడియో తీద్దామని కూర్చోబెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇది మతిమరుపు జబ్బా? మా చిన్నతనంలో ఆయన ఇంట్లో లేరు. ఇప్పుడు ఉన్నా ఉన్నట్టు లేదు. ఇలా అనుకుంటున్నందుకు నాకే సిగ్గుగా ఉంది.

జవాబు: ‘అప్పట్నుంచీ’ అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ఆ కేకలు అప్పుడే మొదలయ్యాయా, మీ చెవిన పడటం అప్పుడు మొదలైందా? ఇన్నేళ్లూ ఆ గదిలో ఉన్నది మీ అమ్మగారు. ఆయన ఉలిక్కిపడి లేస్తే ఏ మాట చెప్పి, ఎలా మళ్లీ పడుకోబెట్టేవారో ఆవిడకే తెలిసి ఉంటుంది. పిల్లల దాకా రానివ్వకుండా ఆ రాత్రులన్నీ ఆవిడే మోసి ఉండొచ్చు. నా ఊహ తప్పు కావచ్చు కూడా. అమ్మగారికి దగ్గరగా మెలిగినవాళ్లెవరైనా ఉంటే అడిగి చూడండి. ఇదే నిజమైతే మీ నాన్నగారు పోగొట్టుకున్నది భార్యను మాత్రమే కాదు, ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషిని.

ఆయన ఎందుకు చెప్పరంటే, చెప్పుకోవడానికి ఆ రోజుల్లో అందరికీ తెలిసిన మాట కూడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915లో చార్లెస్ మైయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు యుద్ధంలో సైనికుల మనసుకు తగిలే దెబ్బ గురించి ‘షెల్ షాక్’ అన్న పేరుతో వైద్య పత్రికలో రాశారు. ఇవాళ మనం పీటీఎస్‌డీ అంటున్న జబ్బు, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని గాయం, అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలోకి ఎక్కింది మాత్రం 1980లోనే. మీ నాన్నగారు సైన్యంలో చేరేనాటికి అది ‘భయం’, లేదా ‘పిరికితనం’. ఆ మాట తన మీద పడనిస్తారా? ఉద్యోగం, పిల్లల చదువులు, పెళ్లిళ్లు మనిషిని తీరిక లేకుండా ఉంచినన్నాళ్లు లోపలిది లోపలే అణిగి ఉంటుంది. తోడు పోయినప్పుడు, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు దశాబ్దాల తర్వాత కూడా పైకి రావడం మాజీ సైనికుల్లో వైద్యులు చూస్తున్నదే.

మతిమరుపా కాదా అన్నది ఇంట్లో తేల్చుకునేది కాదు. మానసిక వైద్యుడికి చూపించండి. వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్ల వల్ల కూడా కొందరికి పీడకలలొస్తాయి. నిద్రలోనే చేతులు విసరడం, తన్నడం ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. అది వేరే రకం నిద్ర సమస్య కావచ్చు, ఒక్కోసారి పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బులకు ముందుగా కనిపిస్తుంది. ఈ వయసులో చికిత్స దేనికని మాత్రం అనుకోకండి. మాటలతో చేసే చికిత్స పెద్దవాళ్లకూ పనిచేస్తుంది.

వినికిడి పరీక్ష కూడా చేయించండి. తుపాకీ మోతలకు లోపలి చెవిలోని సన్నని రోమ కణాలు దెబ్బతింటే మళ్లీ పెరగవు. ముందు వినపడకుండా పోయేవి కీచుగా ఉండే శబ్దాలు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. నలుగురూ ఒకేసారి మాట్లాడుకుంటుంటే అదంతా ఒక్క రొదగా వినిపిస్తుంది. ‘ఉన్నా ఉన్నట్టు లేదు’ అన్నారే, అందులో కొంత ఇదే కావచ్చు.

రాత్రి లేచినప్పుడు చెయ్యి వేసి కుదపకండి. గుమ్మం దగ్గరే నిలబడి లైటు వేసి, ‘నాన్నా, నేను, మీ అమ్మాయిని. మనింట్లోనే ఉన్నారు’ అని నెమ్మదిగా చెప్పండి. గడియలు చూసుకుంటానంటే వారించొద్దు, వెంట వెళ్లండి. ‘ఇంక బతికేం లాభం’ లాంటి మాట ఎప్పుడైనా వస్తే దాటేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే ఇప్పుడే ఆయనకు అందకుండా చేయండి.

ఇక వీడియో. మీ తమ్ముడి ప్రేమను తప్పుపట్టను. కానీ అన్నిటికంటే కష్టమైనదాన్ని కెమెరా ముందు, మొదటి ప్రశ్నగా అడిగాడు. ముసలితనంలో మనిషి తన బతుకును వెనక్కి తిప్పి చూసుకోవడం అవసరమైన పనేనని రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు 1963లోనే రాశారు. అయితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆ మనిషే ఎంచుకోవాలి. 87 ఏళ్లలో 24 తీసేస్తే 63 ఏళ్లు మిగిలాయి. వాటి గురించి ఆయన్ను ఎవరైనా అడిగారా? యూనిఫాం విప్పిన మర్నాడు ఏం చేశారు? అమ్మ రాసిన మొదటి ఉత్తరంలో ఏముంది? మిమ్మల్ని మొదటిసారి చూసేసరికి మీకెన్ని నెలలు?

ఆ చివరి ప్రశ్న మీకోసం కూడా. సిగ్గుపడాల్సింది మీలో ఏమీ లేదమ్మా. సైనికుడి బిడ్డలకు ‘నాన్న గొప్ప పనిమీద వెళ్లాడు’ అని చెప్పి, ‘నాకు నాన్న కావాలి’ అనే హక్కును తీసేసుకుంటాం. ఆయన త్యాగమూ నిజమే, మీ లోటూ నిజమే. నిలదీసినట్టు కాకుండా, ఆయన కబుర్లు చెప్పే ధోరణిలో ఉన్న ఒక సాయంత్రం, ‘మీరు సెలవు ముగించుకుని వెళ్లిపోయే రోజులంటే నాకు చాలా భయంగా ఉండేది నాన్నా’ అని చెప్పి చూడండి. ఆయన మాట్లాడకపోయినా కంగారుపడి మాట మార్చకండి, పక్కనే కూర్చోండి. మీ తమ్ముణ్ణి మాత్రం ఆయనే రమ్మనేదాకా కెమెరా తేవద్దని చెప్పండి.